హిప్పీ జుట్టు, రాజన్న మొక్కు

పోయిన ఆదివారం కరీంనగర్‌లో మా చర్చిలో ఆరాధనకు ముందు యువజనుల పాటల జట్టు వచ్చి నిలబడింది. అందులో గిటారు పట్టుకున్న అబ్బాయికి భుజాల దాకా జుట్టు. ఎవరూ ఏమీ అనుకోలేదు. పాస్టరు అయ్యగారు సైతం నవ్వుతూ చప్పట్లు కొడుతున్నారు, ముందు వరుసలో వాడి తల్లి ఫోను ఎత్తి వీడియో తీసుకుంటోంది. పాట మధ్యలో వాడు కళ్ళు మూసుకుని, తక్కిన వాయిద్యాలన్నీ ఆపించి, గిటారును ఒంటరిగా ఏడిపించడం మొదలుపెట్టాడు. ఆ ఏడుపు సాగీ సాగీ సన్నటి కూతగా మారి పైకి లేచేసరికి నా పక్కన కూర్చున్న మా అన్న దిగ్గున లేచి నిలబడ్డాడు. డెబ్బై దాటి, మోకాళ్ళ నొప్పులతో బల్ల పట్టుకుంటే గాని లేవలేని మనిషి. ప్రార్థనకు లేచాడనుకుని మా వెనక వరుసవాళ్ళు కూడా లేచారు. తను ఎందుకు లేచాడో నాకొక్కదానికే తెలుసు.

బొగ్గు బాయిల పక్కన పెరిగినవాళ్ళకు ఇది చెప్పనక్కరలేదు. గని అని పుస్తకాల్లో రాస్తారు గానీ మందమర్రిలో మేము దాన్ని బాయి అనే అనేవాళ్ళం, మా బతుకంతా ఆ బాయి సైరన్ మీదే నడిచేది. షిఫ్టు మారేటప్పుడు అది కూస్తే అన్నం ఎసరు పెట్టేవాళ్ళం, అది కూస్తే బడికి బయలుదేరేవాళ్ళం. గడియారం ఉన్న ఇళ్ళు తక్కువ, దాని అవసరమూ తక్కువే. కానీ వేళ కాని వేళ కూసిందంటే మాత్రం ఎక్కడి చెయ్యి అక్కడే ఆగిపోయేది. పొయ్యి మీద పాలు పొంగుతున్నా దించే దిక్కుండేది కాదు. ఆడవాళ్ళందరూ కొంగులు దోపుకుని, కాళ్ళకు చెప్పులు కూడా లేకుండా బాయి దిక్కు ఉరికేవాళ్ళు. అప్పుడు ఎవరూ ఎవరి ముఖమూ చూసుకునేవాళ్ళు కాదు, ఎందుకంటే ఆ ముఖాల్లో ఒకటి కాసేపట్లో మారిపోతుందని అందరికీ తెలుసు.

మా తాత సుల్తానాబాద్ దగ్గరి పల్లెలో పాలేరుగా జీతం ఉండి, మెథడిస్టు మిషన్ వాళ్ళ దగ్గర బాప్తిస్మం తీసుకున్న మనిషి. బాపు, అంటే మా నాన్న, బాయి పనికి వచ్చి మందమర్రిలో కుదురుకున్నాడు. లోపల పైకప్పు కూలకుండా కర్ర దుంగలు నిలబెట్టే పని ఆయనది. కంపెనీ క్వార్టర్లలో మా వరుసలో ఒక ఇంట్లో మరాఠీ, ఒక ఇంట్లో ఒరియా, ఒక ఇంట్లో ఉర్దూ వినపడేవి, పంపు దగ్గర కొట్లాడుకోవడానికి మాత్రం అందరికీ తెలుగు వచ్చేది. మా ఎదురింట్లో అత్తా మామా ఉండేవాళ్ళు. రక్తసంబంధం ఏమీ లేదు, వాళ్ళు వేములవాడ రాజన్న భక్తులు, మేము చర్చివాళ్ళం. అయినా ఆ పిలుపులే పిలుపులు. మామ బాయిలో బొగ్గు ఎత్తి టబ్బులు నింపేవాడు, సాయంత్రం భజనలో డోలక్ వాయించేవాడు. అత్త తండ్రి బాయిలోనే పోయాడు. పిల్లలు ఇంకా కలగలేదు. ఆమెకు ఈ లోకంలో ఉన్నదల్లా మామ ఒక్కడే, అందుకే ఆయన షిఫ్టు దిగి వచ్చేదాకా గడప మీద కూర్చుని బియ్యం ఏరుతూనే ఉండేది, బియ్యంలో రాళ్ళు ఉన్నా లేకపోయినా.

ఇక మా అన్నకు గిటారు ఇచ్చిన హిప్పీ దొర సంగతి. డెబ్బైల మొదట్లో ఆ తెల్లవాళ్ళు దేశమంతా తిరిగేవాళ్ళు కదా, అట్లా మద్రాసు రైలులో పోతున్న ఒకతనికి కామెర్లు ముదిరితే తోటి ప్రయాణికులు మంచిర్యాలలో దింపేశారు. మిషన్ వాళ్ళు తెచ్చి బంగ్లాలో పడుకోబెట్టారు. పదో తరగతి పాసై, ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ, బంగ్లాలో చిల్లర పనులు చేస్తూ, ఆదివారాలు చర్చిలో హార్మోనియం వాయించే మా అన్నకు అతనికి గంజి పోసే పని అప్పజెప్పారు. ఒక వానాకాలమంతా పోశాడు. వాన వెలిసేసరికి ఆ దొర లేచి కూర్చుని తన గిటారు అన్న ఒళ్ళో పెట్టి, ఏ తీగ మీద ఏ వేలు పెట్టాలో నేర్పాడు. పోయేటప్పుడు ఆ గిటారూ, బ్యాటరీలతో ఆడే ఒక చిన్న టేప్ రికార్డరూ, కొన్ని క్యాసెట్లూ అన్నకే ఇచ్చి, బరువు దిగిందని నవ్వుతూ చేతులు దులుపుకుని రైలెక్కాడు. ఆ తరవాత అతని జాడ లేదు.

ఆ సంగీతం నాకు నచ్చిందని అబద్ధం చెప్పను. మొదటిసారి విన్నప్పుడు పిల్లి తోక మీద ఎవరో కాలు వేశారనుకున్నాను. అన్న మాత్రం నన్ను కూర్చోబెట్టి, దొర తనకు వచ్చీ రాని హిందీలో చెప్పిందంతా నాకు చెప్పేవాడు. అంతకు ముందు వాళ్ళ రాక్ పాటలు కూడా మన సినిమా పాటల్లాగే మూడు నిమిషాల్లో ముగిసేవట, పిల్లా పిల్లడూ గెంతడానికి సరిపోయేటట్టు. ఆ తరవాత వాళ్ళ దేశం యుద్ధంలోకి దిగి పిల్లల్ని పట్టుకుపోయి తుపాకులిస్తుంటే, మేము పోమని ఇళ్ళు వదిలి, పూలు పెట్టుకుని, మత్తులో మునిగి, మైదానాల్లో వాన బురదలో వేలకు వేలు కూర్చున్నవాళ్ళే ఈ హిప్పీలు. గెంతేవాళ్ళకు చిన్న పాట చాలు, కూర్చున్నవాళ్ళకు పాట తెల్లవారేదాకా సాగాలి. అందుకని పాట పొడుగైంది, మాటలు పలచబడ్డాయి, మన సితారు అందులో చేరింది, ఒక్క గిటారే తన గోడు తాను చెప్పుకోవడం మొదలుపెట్టింది. సైన్యంలో చేర్చుకోగానే ముందు జుట్టు కత్తిరిస్తారు గనుక, కత్తిరించని జుట్టంటే మేము రాము అని చెప్పినట్టే.

ఇదంతా గడప మీద కూర్చుని విన్న మామ, ఇందులో కొత్తేముంది, కూర్చుని తెల్లారేదాకా పాడితే అది మన భజనే కదా అని డోలక్ తెచ్చుకున్నాడు. అట్లా మా క్వార్టరు అరుగు మీద హిప్పీల పాటకు రాజన్న భజన డోలక్ జత కలిసింది. సాయంత్రాలు వరుసంతా అక్కడే. అత్త బియ్యం చేట కూడా మా అరుగు మీదికే వచ్చేది. నా బాల్యంలో బాగున్న రోజులు ఏవంటే అవే. ఆ రోజుల్లో అన్న జుట్టు కూడా చెవులు దాటింది.

ఒకసారి కార్మికుల క్లబ్బులో వాయించమంటే, చర్చి మైకూ పెద్ద లౌడ్‌స్పీకరూ అడిగి తెచ్చుకుని, మైకును గిటారు బొక్క దగ్గర కట్టి అన్న ఒక్కడే మొదలుపెట్టాడు, మామ ఆ పూట బాయిలో షిఫ్టులో ఉన్నాడు. క్యాసెట్లో విన్నట్టు గిటారును పొడుగ్గా ఏడిపించాలని అన్న లౌడ్‌స్పీకరు దగ్గరికి జరిగేసరికి అది ఊళ పట్టింది. సన్నగా మొదలై, పైపైకి లేచి, ఆగకుండా కూసింది. క్షణంలో క్లబ్బు ఖాళీ. బాపు ముందు వరుస నుంచి లేచి తలుపు దాటేశాడు. బయట చూస్తే క్వార్టర్లలోంచి ఆడవాళ్ళు బాయి దిక్కు ఉరుకుతున్నారు, అందరికంటే ముందు అత్త, ఆమె చేతిలో చేట అట్లాగే ఉంది, దారంతా బియ్యం రాలుతున్నాయి. అది గిటారు అని తెలిశాక కొందరు నవ్వారు, కొందరు తిట్టారు. బాపు మాత్రం ఇంటికొచ్చి, కోపం లేకుండానే, ఒక్క మాట అన్నాడు.

"సైరను బాయిల ఉండాలె బిడ్డా, ఇంట్ల ఉండొద్దు."

అత్త ఆ రోజు నుంచి మా అరుగు మీద కూర్చున్నా అన్న గిటారు వంక చూడడం మానేసింది. జుట్టు వంక చూసేది. నాకది అప్పుడే వింతగా తోచింది.

జుట్టు మెడ దిగేసరికి అన్నకు ఊళ్ళో నడవడం కష్టమైంది. పిల్లలు హిప్పీ హిప్పీ అని వెంటపడేవాళ్ళు, మంగలి షాపు ముందు నుంచి పోతే కత్తెర ఆడించి చూపించేవాళ్ళు. చర్చిలో అయ్యగారు మగవాడికి పొడుగు జుట్టు తగదని లేఖనాలు చూపించి ప్రసంగం చేస్తే, అన్న ఇంటికొచ్చి మా ముందు గదిలో క్యాలెండరు మీది క్రీస్తు బొమ్మను వేలితో చూపించాడు. బాపు నవ్వు ఆపుకోలేక పెరట్లోకి పోయాడు. మా అమ్మకు, మేము అవ్వ అనే పిలిచేవాళ్ళం, నవ్వు రాలేదు. అటువంటి రోజుల్లోనే ఒక పొద్దున పంపు దగ్గర అందరి ముందూ అత్త అడిగింది.

"ఎవలకు మొక్కినవు కొడుకా ఎంటికలు? రాజన్నకేనా?"

మా దిక్కు కోరిక తీరాలని జుట్టు పెంచి, వేములవాడకు పోయి తలనీలాలు ఇచ్చి రావడం ఇంటింటా ఉన్నదే. కులం మతం అడ్డం లేదు, సాయబులు కూడా మొక్కుతారు. కనుక మెథడిస్టు పిల్లవాడు మొక్కాడంటే ఎవరికీ ఆశ్చర్యం కలగలేదు. అన్న కాదనబోతుంటే మామ అతని భుజం గిల్లాడు.

"ఊకో అల్లుడా, గట్లనే అనుకోనీ. ఇగ నీ ఎంటికల జోలికి ఎవ్వడు రాడు."

నిజంగానే ఎవరూ రాలేదు. వెక్కిరించిన పిల్లలకు తల్లులే రెండు తగిలించారు. మంగలి కత్తెర దాచుకున్నాడు. మొక్కు జుట్టును ఊరంతా కాపాడుతుంది, అది మా దిక్కు రివాజు. అత్త ఆముదం తెచ్చి అన్న తలకు రాసేది, దువ్వెనకు వచ్చిన వెంట్రుకలు పారేయనిచ్చేది కాదు, చుట్ట చుట్టి కొంగున ముడి వేసుకుని తీసుకుపోయేది. యుద్ధానికి పోమన్న పిల్లలు ఎక్కడో సముద్రాల అవతల పెంచిన జుట్టు మందమర్రికి వచ్చేసరికి రాజన్నదైపోయింది. అన్న అది తలచుకుని కడుపుబ్బ నవ్వేవాడు. వాళ్ళిద్దరూ కలిసి ఆడిన ఆ పరాచికం ఎక్కడికి పోతుందో ఇద్దరికీ తెలియదు.

ముందు అది మా అవ్వ చెవిన పడింది. మా అవ్వకు దేవుడు ఒక్కడే, ఆ ఒక్కడి కోసం తన అత్తమామలు ఊరి నుంచి వెలిపడ్డారని ఆమె మరిచిపోయేది కాదు. నా కొడుకు తల రాజన్నకు ఎట్లా పోతుందని ఆమె ఒక రోజంతా అన్నం ముట్టలేదు. తరవాత అయ్యగారు ఇంటికొచ్చి, విగ్రహాలకు మొక్కినవాడు ఆరాధనలో హార్మోనియం ముట్టడం ఎట్లా అని నెమ్మదిగానే అడిగి పోయారు. అది మొక్కు కాదని అన్న ఎంత చెప్పినా, కాకపోతే కత్తిరించు అనేది అవ్వ. కత్తిరించకపోతే మొక్కే, కత్తిరిస్తే తన పాటకు తానే అన్యాయం చేసినట్టు. అన్న ఎటూ తేల్చుకోలేకపోయాడు.

ఇంతలో బాపుకు దమ్ము ముదిరింది. నాలుగు అడుగులు వేస్తే కూర్చోవాలి. కంపెనీలో తండ్రి పని కొడుక్కి ఇచ్చే పద్ధతి ఉంది గనుక, బాపు దిగిపోయి అన్నను పెట్టిద్దామనుకున్నాడు. మా ఇంట్లో నలుగురి తిండి ఇక అన్న మీదే. జుట్టు ఇట్లా ఉంటే టోపీ నిలవదు, యంత్రాల దగ్గర ప్రమాదం, కత్తిరించుకుని రమ్మని ఆఫీసులో చెప్పారు. బాయి సైన్యం కంటే తక్కువేమీ కాదు, అది కూడా ముందు జుట్టే అడిగింది.

అప్పుడు అత్త మా ఇంటికొచ్చింది. అరుగు మీద కాకుండా లోపలికి వచ్చి, వంటింట్లో అవ్వ ముందు నేల మీద కూర్చుంది. ఆ రోజు ఆమె ముఖం నాకిప్పటికీ కళ్ళ ముందే ఉంది, పెదవులు ఎండిపోయి ఉన్నాయి.

"వదినె, ఒక్క దినం నీ కొడుకును నాకియ్యి. పొద్దుగాల బస్సెక్కితె మాపటికి తోలుకొస్త. కోసుడు ఎట్లయిన కోసుడే గద, గా ఏములాడలనే కోపిద్దం."

"నీ కాళ్ళు మొక్కుత వదినె, గా మాటొక్కటి అడగకు," అంది అవ్వ.

ఇద్దరూ ఏడ్చారు. మొక్కు లేదని చెబుతున్నా అత్త ఎందుకంత పట్టుబడుతోందో అవ్వకు అర్థం కాలేదు, అత్త చెప్పలేదు. ఇంకెవరూ రాకముందే పని ముగించాలని మరునాడే అవ్వ మంగలిని ఇంటికి పిలిపించింది. అరుగు మీద, మామ డోలక్ పెట్టుకునే చోటనే అన్న కూర్చున్నాడు. ఎదురింటి గడప మీద అత్త నిలబడి చూస్తూనే ఉంది. నా మీదికి రానీయకు రాజన్నా అని మంగలి గొణుక్కోవడం నేను విన్నాను. కిందపడ్డ జుట్టంతా అవ్వ చీపురుతో చేటలోకి ఎత్తి, ఎవరి చేతికీ చిక్కకూడదని, వాకిట్లో మండుతున్న బొగ్గుల పొయ్యిలో గుమ్మరించింది. కాలిన వెంట్రుకల వాసన వరుసంతా పాకింది. అత్త లోపలికి పోయి తలుపు వేసుకుంది. పొద్దుగూకాక ఆ ఇంట్లో దీపం వెలగలేదు.

మా అవ్వ చెడ్డది కాదు. భయపడింది, అంతే. ఇద్దరు ఆడవాళ్ళు ఇద్దరు దేవుళ్ళకు భయపడి ఒక పిల్లవాడి తలను చెరో దిక్కు లాగారని నేనిప్పుడు అనుకుంటాను. ఆ రోజు నుంచి వరుసలో మాటలు తగ్గాయి. పంపు దగ్గర నేను బిందె పెడితే ముందున్నవాళ్ళు జరిగి దారి ఇచ్చేవాళ్ళు. కొట్లాట లేకుండా నీళ్ళు దొరకడం ఎంత భయంగా ఉంటుందో అప్పుడు తెలిసింది. అందరూ దేనికోసమో ఎదురుచూస్తున్నట్టుండేది. అన్నా మామా మాత్రమే మామూలుగా ఉన్నారు. మామ వచ్చి అన్న తల నిమిరి, "బొచ్చు పీకిన కోడి లెక్కున్నవురా అల్లుడా" అని నవ్వి, డోలక్ ముందేసుకున్నాడు. ఆ సాయంత్రం ఇద్దరూ ఎప్పటికంటే ఎక్కువసేపు వాయించారు. వినడానికి మేమే ఉన్నాము, వరుసలో ఇంకెవరూ రాలేదు. పిల్లవాణ్ణి కాస్త చూసుకోమని బాపు అడిగితే, నా జట్టులోనే వేయించుకుంటానని మామ మాట ఇచ్చాడు. ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాడు కూడా.

అన్న బాయిలో దిగడం మొదలుపెట్టి నెల నిండలేదు. మధ్యాహ్నం నేను బడిలో ఉండగా వేళ కాని వేళ సైరన్ కూసింది. మా మాస్టరు చేతిలో సుద్దముక్క జారిపడింది. నేను ఎట్లా ఉరికానో నాకు తెలియదు, బాయి దగ్గరికి చేరేసరికి అవ్వా అత్తా ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని నిలబడి ఉన్నారు. అన్ని రోజుల తరవాత వాళ్ళిద్దరూ పక్కపక్కన ఉండడం అదే. ఎంతసేపటికో మనుషులు పైకి రావడం మొదలైంది. అన్న నడిచే వచ్చాడు, ఒళ్ళంతా మసి, చేతుల్లో రెండు టోపీలు. లోపల సద్ది తినే వేళ మామ కూర్చున్న చోటనే కప్పు కూలిందట, అన్న నీళ్ళ డబ్బా కోసం పక్కకు లేచాడట. అవ్వ అత్త చెయ్యి వదిలేసి అన్న మీద పడిపోయింది. అత్త కదల్లేదు. ఆమె అన్న ముఖం చూడలేదు, చేతిలోని మామ టోపీ చూడలేదు. బోడిగా ఉన్న అతని తల వంకే చూసింది, మామను పైకి తెచ్చేదాకా చూస్తూనే ఉంది.

కప్పు ఎందుకు కూలిందో బాపుకు తెలుసు. వానాకాలం నీళ్ళు ఊరిన రాయి అది, ఏ దుంగా ఆపలేదని మంచం మీద కూర్చునే చెప్పాడు. నేను ముప్పై ఏళ్ళకు పైగా పిల్లలకు సైన్సు చెప్పినదాన్ని, నాకూ తెలుసు. కానీ ఆ రోజు వరుసలో ఒక్కరికీ ఆ కారణం అక్కరలేకపోయింది. అత్త నోరు తెరిచి అన్నను ఒక్క మాటా అనలేదు. ఆమె అనకపోవడమే పెద్ద నింద అయిపోయింది. కర్మ అయిపోయాక జట్టు పెద్ద వచ్చి, తల వంచుకుని, బాపుతో చెప్పాడు.

"అన్నా, నీ కొడుకు మీద మాకేం పగ లేదు. వాని ఎంబడి దిగుతె ఇండ్లల్ల సద్ది కడ్తలేరు."

ఒక జట్టు కాదంటే ఇంకో జట్టు, అదీ కాదంటే ఇంకోటి. ఎవరూ వెంట దిగకపోతే బాయిలో ఒక్కడే చేసే పని ఉండదు. ఉద్యోగం పోతే క్వార్టరు పోతుంది, బాపు దమ్ముకు మందు పోతుంది. నాకు వీటన్నిటికంటే భయం వేసింది ఇంకొకందుకు. అన్న కూడా నమ్మడం మొదలుపెట్టాడు. ఏ దేవుణ్ణీ పెద్దగా పట్టించుకోని మనిషి, గోడకు ఆనుకుని కూర్చుని, తన తల తానే తడుముకుంటూ ఉండేవాడు. గిటారు మేకుకు వేలాడుతుంటే దాని వంక వీపు పెట్టి పడుకునేవాడు. ఒక పొద్దున ఎవరికీ చెప్పకుండా వెళ్ళి, మరునాడు సాయంత్రం నున్నటి గుండుతో తిరిగొచ్చాడు. ఇవ్వడానికి తల మీద వేలెడు జుట్టు కూడా లేదు, ఉన్నదే వేములవాడలో ఇచ్చి వచ్చాడు. అవ్వ ఆ గుండు చూసింది, అన్నం పెట్టింది, పక్కన కూర్చుని తినేదాకా విసనకర్రతో విసిరింది.

మరుసటి వారం జట్టువాళ్ళు అన్నను పిలుచుకుపోయారు. చర్చివాళ్ళు హార్మోనియం దగ్గర ఇంకొకరిని కూర్చోబెట్టారు. అన్న రిటైరయ్యేదాకా బాయిలోనే పనిచేశాడు, పెళ్ళి చేసుకున్నాడు, వదిన పోయాక నా దగ్గరికి కరీంనగర్ వచ్చాడు. గిటారు మాత్రం మళ్ళీ ముట్టలేదు. మేకుకు వేలాడీ వేలాడీ దాని మెడ వంగిపోయింది, తీగలు తుప్పు పట్టి ఒక్కొక్కటీ వాటంతట అవే తెగేవి. తెగినప్పుడల్లా టింగుమని ఒక శబ్దం వచ్చేది, ఇంట్లో అందరమూ తలెత్తి చూసేవాళ్ళం.

అత్తకు మామ తరఫున కంపెనీలో ఊడ్చే పని ఇచ్చారు. వేరే కాలనీకి పోయింది, మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. పోయిన వానాకాలం ఆమెకు బాగా లేదని తెలిసి మందమర్రి వెళ్ళి చూసి వచ్చాను. మంచానికి అంటుకుపోయి ఉంది, గొంతు మాత్రం పాతదే. నా చెయ్యి పట్టుకుని, ఎవరూ అడగకుండానే చెప్పింది.

"బిడ్డా, మీ అన్నది మొక్కు గాదని మీ మామ నాకు గా దినమే చెప్పిండు. నవ్వుకున్నం. మరి గా గిటారు సైరను లెక్క కూసిన కాడికెల్లి నా పానం ఆగలె. ఆడదాని ఎంటికలు ఎట్లయిన పొడుగే, మొగడుండంగ గుండు జేయించుకుంటె మంది నోట్ల పడ్త. రాజన్నా, గా పిల్లగాని ఎంటికలు నాయే అనుకో, నీకు తెచ్చిస్త, నా పెనిమిటిని బాయిలకెల్లి సల్లంగ పైకి తే అని మొక్కిన. మందిది నాదని మొక్కిన. ఏ మొఖం పెట్టుకొని మీ అవ్వకు చెప్పుదు? బాయి కాడ మీ అన్న తల దిక్కు చూసింది వాన్ని తిట్టెతందుకు గాదు బిడ్డా. నన్ను నేనే తిట్టుకున్న. వానికి చెప్పు."

చలికాలం రాకముందే ఆమె పోయింది. ఆమె చెప్పమన్న మాట ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక నా నోట్లోనే ఉండిపోయింది, మొన్న ఆదివారం ఆ అబ్బాయి గిటారు కూసి అన్నను లేపి నిలబెట్టేదాకా. చర్చి నుంచి ఇద్దరమూ నెమ్మదిగా నడిచి వస్తుంటే చెప్పేశాను. అన్న ఆగిపోయాడు. పక్కన ఆటోలు హారన్లు కొడుతున్నాయి, ఎండ మాడ్చేస్తోంది, అయినా కదల్లేదు. నాతో కాదు, ఎదురింటి గడప మీద కూర్చున్న అత్తతో చెబుతున్నట్టు అన్నాడు.

"ముందుగాల్నే చెప్తె నేనే పోయి ఇచ్చొస్తుంటి గదా. నాయి ఎంటికలే గద."

నాకు ఏడుపు ఆగలేదు. అంత సులభమా అనిపించింది. ఒక బస్సు ప్రయాణం, ఒక పూట. కప్పు ఎట్లాగూ కూలేదే, మామ ఎట్లాగూ పోయేవాడే. కానీ మా అన్న యాభై ఏళ్ళు ఆ రాయి కింద ఉండేవాడు కాదు, ఆ పిచ్చి తల్లీ ఉండేది కాదు.

ఇప్పుడు ఎవరి జుట్టు వాళ్ళది. ఆ చర్చి అబ్బాయిని నీకెందుకురా ఇంత జుట్టు అని అయ్యగారు అడగరు, కంపెనీ అడగదు, ఎదురింటామె అయితే వాడి పేరు కూడా ఎరగదు. యుద్ధానికి పోమని పెంచిన జుట్టని వాడికీ తెలియదు, తెలియనక్కర కూడా లేదు, వాయించడం బాగా వాయిస్తున్నాడు. మేము ఉన్న వరుస కూల్చేశారు, ఆ బాయి మూతపడింది. వేళ కాని వేళ కూత వినపడితే లేచి నిలబడేవాళ్ళం మేమిద్దరమే మిగిలాము. ఇవి మంచి రోజులే, కాదనను. ఆ పిల్లవాడు హాయిగా జుట్టు పెంచుకోనీ. కానీ ఆ ఆదివారం మళ్ళీ నడక సాగించేటప్పుడు అన్న ఒకసారి వెనక్కి తిరిగి, చర్చి గేటు దగ్గర స్నేహితులతో నవ్వుతున్న ఆ అబ్బాయి వంక చూశాడు. వాడి తల మీద ఎవరైనా దేనికైనా మొక్కుకుని ఉన్నారేమో ఒకసారి అడుగుదామా అన్నాడు. నేను అన్న చెయ్యి పట్టుకుని ఇంటి దారి పట్టించాను.